వెనక్కి నడిచినవాడు

డెల్బర్ట్ రస్క్ మూడు వారాలుగా హాయిగా నిద్రపోతున్నాడు. రాత్రి తొమ్మిదింటికి పక్క మీద వాలితే మళ్ళీ తెల్లవారాకే మెలకువ. భార్య నొరీన్ ఏం పెడితే అది తింటున్నాడు. ఒకరోజు ఆవిడ పరీక్ష చేద్దామని బీన్సు కూరలో మిరపకాయలు రెండింతలు వేసింది. మనిషి చెమటలు కక్కుతూనే గిన్నె ఊడ్చేసి బాగుందన్నాడు. రైలు కంపెనీ పంపిన డాక్టరమ్మ ఒకటి నుంచి పది దాకా బాధ ఎంత ఉందో చెప్పమంటే, కాసేపు ఆలోచించి, మొహమాటానికి రెండు అన్నాడు. నిజానికి సున్నా అనాలి.

"మొగుడికి నిద్ర పట్టట్లేదని ఏడ్చే ఆడవాళ్ళని చూశాను. నువ్వు నిద్రపోతున్నావనే నాకు భయంగా ఉంది" అంది నొరీన్.

"నిద్రపోతే ఒక గొడవ, పోకపోతే ఇంకో గొడవ" అన్నాడు డెల్బర్ట్. అని, తిన్నగా వెళ్ళి పడుకున్నాడు.

ఎడారి నడుమ ఉన్న నీడిల్స్ ఊళ్ళో సగం మందికి రైలే తిండి పెడుతుంది. డెల్బర్ట్ తండ్రికీ అదే పెట్టింది. తండ్రి రైలు పెట్టెల బ్రేకు చక్రాలు తిప్పడానికి వాడిన గట్టి కర్ర ఇంకా ఇంట్లో ఉంది. డెల్బర్ట్ ముప్పై ఒక్కేళ్ళుగా గూడ్సు బండి ఇంజన్ నడుపుతున్నాడు. ఆ ఎడారిలో పట్టాల పక్కన ఎక్కడ ఏ గుంట ఉందో, ఎండాకాలం ఏ మలుపులో ఇనుము సాగుతుందో అతనికి తెలుసు. మాటకారి కాడు. తన గురించి ఎవరైనా అడిగితే, అడిగినవాడి గురించి అడిగి తప్పించుకునే రకం.

మూడు వారాల కిందట, పొద్దున ఏడింటికి, గేటు లేని పొలం దారి దగ్గర ఓ పాత ట్రక్కు పట్టాల మీదికి వచ్చింది. వెనకంతా గడ్డి మోపులు. ఎదురెండ కళ్ళలో పడుతోందని, నడుపుతున్న ముసలాయన ఒక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన పేరు ప్రూయిట్ అని తర్వాత తెలిసింది. అప్పటికి కనిపించింది ఆ చెయ్యి, టోపీ మాత్రమే. కూత, గంట, బ్రేకు, అన్నీ డెల్బర్ట్ చేతులు వాటంతటవే చేసేశాయి. ఆ తర్వాత ఆరు సెకన్లు మిగిలాయి. ఆ ఆరు సెకన్లలో చేయడానికి ఏ పనీ లేదు. బండి పూర్తిగా ఆగేసరికి ట్రక్కు మైలున్నర వెనక పడి ఉంది.

ఇలాంటప్పుడు రైలు వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. డ్రైవరు ఇంజన్ దిగకూడదు. బండిని పట్టుకుని కూర్చోవాలి. పక్క సీటులో ఉండే కండక్టరే దిగి, బండి పొడుగునా వెనక్కి నడిచి, ఏమైందో చూసి రావాలి. అంటే కొట్టినవాడు చూడడు, చూసినవాడు కొట్టలేదు. ఎవరు పెట్టారో గానీ ఆ పద్ధతి డ్రైవర్లకి బాగానే ఉంటుంది. ఆ రోజు దిగి నడిచినవాడు రూడీ ఆర్మిహో. డెల్బర్ట్ కన్నా ఏడేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోకుండా తల్లితో ఉంటాడు. పదకొండేళ్ళుగా పక్క సీటు అతనిదే. అతను తిరిగొచ్చేదాకా పట్టిన రెండు గంటలూ డెల్బర్ట్ సీటులో కూర్చుని, కాళ్ళ దగ్గర దొరికిన సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. తిరిగొచ్చిన రూడీ చెప్పింది ఒక్కటే మాట.

"తగలగానే పోయాడు డెల్. నొప్పి కూడా తెలిసుండదు."

పేపర్లోనూ అలాగే రాశారు. డెల్బర్ట్ అదే పట్టుకున్నాడు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. మళ్ళీ ఇంజన్ ఎక్కుతావా లేదా, ఒక్క మాట చెప్పాలి. ఎక్కుతానని చెప్పడానికి అతను సిద్ధంగా ఉన్నాడు. ఏమీ అనిపించనివాడు ఎక్కకపోతే ఇంకెవడు ఎక్కాలి? రూడీకీ అదే రోజు ఫోను. "నువ్వెక్కితే నేనెక్కుతా" అని ముందే అనేశాడు.

ఆ సోమవారానికి ముందు శనివారం, రూడీ ట్రక్కు వేసుకుని వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టాడు. ఏటా మే నెలలో ఇద్దరూ నది దాటి టోపాక్ చిత్తడికి జెల్లచేపల కోసం పోతారు. ఈ ఏడు ఎవరూ పోదామనలేదు, ఎవరూ వద్దనలేదు.

"ఎక్కు ముసలోడా. మీ ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసి నాకు అప్పగింతలు పెట్టింది. టోపీ పెట్టించు, నీళ్ళు తాగించు, ఏమన్నా మాట్లాడించు అని."

"మీ అమ్మ నిన్న రాత్రి నాకు చేసింది. నువ్వు వంటింట్లో లైటేసుకుని కూచుంటున్నావంట. కరెంటు బిల్లు నేను కట్టాలా అని అడిగింది."

రూడీ నవ్వి, ట్రక్కు వెనక తలుపు తెరిచాడు. గాలం కర్రలు, ఎర, తల్లి బీన్సు పెట్టి చుట్టి ఇచ్చిన బరీటో రొట్టెలు, మంచు పెట్టె, అన్నీ తాళ్ళతో కట్టి ఉన్నాయి. డెల్బర్ట్ తండ్రి బ్రేకు కర్ర తెచ్చి పైన పడేశాడు. దాన్ని సగానికి కోయించి, పట్టిన చేపల నెత్తిన ఒక్కటి వేయడానికి వాడతారు. వేసేది ఎప్పుడూ రూడీయే. చంపడం, మేకుకి తగిలించి పట్టకారుతో తోలు ఒలవడం అతని వంతు. పట్టడం, తినడం డెల్బర్ట్ వంతు.

చిత్తడిలో ఈసారి నీళ్ళు తక్కువ. జమ్ము మొదళ్ళ దగ్గర మట్టి నెర్రెలిచ్చి, నిరుటి నీటి గీత నడుమెత్తున కనిపిస్తోంది. నీటికోళ్ళు అరుస్తున్నాయి. గట్టు పక్కన ఒకే ఒక సర్కారు తుమ్మ చెట్టు, దాని నీడలో ఇద్దరికీ పాత కుర్చీలు. ట్రక్కు బానెట్ మీద డెల్బర్ట్ అరచెయ్యి ఆనించి నిలబడితే, రూడీ వచ్చి ఆ చెయ్యి లాగేశాడు.

"కాలట్లా?"

"కాలుతోంది" అన్నాడు డెల్బర్ట్, చెయ్యి చూసుకుంటూ. ఎర్రగా అయింది.

రెండు రోజులు ఎండలో పెట్టి కంపు కొట్టించిన కోడి కార్జాలు గాలానికి దారంతో చుట్టి విసిరారు. కర్రలు బురదలో గుచ్చి కొసలకి చిన్న గంటలు తగిలించారు. జెల్లల వేట అంటే కూర్చోవడమే. మామూలుగా రూడీ కూర్చోలేడు; ఊళ్ళో వాళ్ళందరి గుట్టూ విప్పి, డెల్బర్ట్ అత్తగారిని అనుకరించి, తన కర్ర సంగతి మానేసి డెల్బర్ట్ కర్రకి వంకలు పెడతాడు. ఈసారి ఒక అరగంట ప్రయత్నించాడు. నవ్వించాల్సిన చోట తనే ముందు ఆగిపోతున్నాడు. డెల్బర్ట్‌కి పట్టలేదు. నీళ్ళు చూస్తూ కూర్చుంటే నీళ్ళే కనిపించాయి, అది బాగానే ఉందనిపించింది.

అయిదింటికి నది వైపు నుంచి రైలు కూత వినిపించింది. రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు, దారి అడ్డం వచ్చే చోట కొట్టే కూత. రూడీ చేతిలో ఉన్న కార్జాల సీసా జారి రాళ్ళ మీద పడి పగిలింది.

"పడమటి బండి. పావుగంట లేటు" అన్నాడు డెల్బర్ట్.

రూడీ మోకాళ్ళ మీద కూర్చుని గాజు ముక్కలు ఏరుతున్నాడు. కార్జం ఎర్రగా రాయి మీద పరుచుకుంది. అతను దాన్ని మట్టితో కప్పాడు. ఒకసారి కప్పి, చాలదని మళ్ళీ కప్పాడు.

"మనిషివి మరీ బెదురుగొడ్డువైపోయావురా. సోమవారం నా పక్కన కూచుని ఇట్లాగే ఎగిరిపడతావా?"

"పడను."

డెల్బర్ట్ అతన్ని చూసి జాలిపడ్డాడు; లేదా జాలిపడాల్సిన చోటని గుర్తించాడు. ఆ పూట చేప పడలేదు. బరీటోలు తిని, బీరు తాగి, ట్రక్కు వెనక పరుపులు పరుచుకున్నారు. డెల్బర్ట్ ఎప్పట్లాగే పడుకోగానే నిద్రపోయాడు. రూడీ నిద్రపోయాడో లేదో చూడలేదు.

ఆదివారం తెల్లవారి, ఇంకా ఎండ ఎక్కకముందే, డెల్బర్ట్ కర్రకి గంట గట్టిగా మోగింది. ఇక్కడా చేతులే ముందు లేచాయి. లాగాడు, వదిలాడు, లాగాడు. పది నిమిషాలకి బురద రంగు జెల్ల ఒకటి గట్టెక్కింది. నాలుగు కిలోల పైమాటే. ఆ చిత్తడిలో ఇంత చేప వాళ్ళకి పడి అయిదేళ్ళయింది. గాలం తీస్తుంటే అది మెలితిరిగి పక్కముల్లు డెల్బర్ట్ అరచేతిలో దిగింది. అతను ముల్లు లాగేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. నొప్పి ఉండాలి. జెల్ల ముల్లంటే చిన్నప్పుడు ఏడ్చేవాడు.

"ఇదుగో, నీ పని" అని బ్రేకు కర్ర అందించాడు.

రూడీ కర్ర తీసుకుని చేప ముందు గొంతుక్కూర్చున్నాడు. కర్ర ఎత్తాడు. దించాడు.

"కాసేపు ఉండనీ" అన్నాడు.

"ఎండెక్కితే కుళ్ళిపోద్ది."

"ఉండనీ అంటున్నా కదా."

తడి గోనెపట్టా మీద దాన్ని చెట్టు నీడలో పెట్టాడు. సరేలెమ్మని డెల్బర్ట్ కర్రలు విప్పడం, గంటలు డబ్బాలో సర్దడం, పరుపులు చుట్టడం మొదలెట్టాడు. అంతా అయ్యేసరికి గంట పట్టింది. మంచు పెట్టె మోసుకుని చెట్టు దగ్గరికి వస్తే రూడీ ఇంకా అక్కడే ఉన్నాడు. కాఫీ మగ్గుతో చిత్తడి నీళ్ళు ముంచి, చేప మొప్పల మీద కొంచెం కొంచెంగా పోస్తున్నాడు. జెల్ల అంత తొందరగా చచ్చే చేప కాదు. నోరు తెరుస్తోంది, మూస్తోంది. రూడీ చొక్కా అంతా తడిసిపోయింది.

"ఏం చేస్తున్నావురా?"

"ఇంకా పోలేదు డెల్."

"తెలుస్తూనే ఉంది. అదేమన్నా చుట్టమా?"

"ఆయన కూడా పోలేదు."

డెల్బర్ట్ మంచు పెట్టె కింద పెట్టాడు.

"నేను వెళ్ళేటప్పటికి ట్రక్కు బోర్లా పడుంది. ఆయన బయట గడ్డి మోపుల మధ్యన ఉన్నాడు. ఇదిగో ఇట్లాగే ఊపిరి. నేను చేరాక పదకొండు నిమిషాలు. అంబులెన్సు ఎప్పుడొస్తుందా అని వాచీ చూస్తూ కూచున్నా, అందుకే తెలుసు." రూడీ మళ్ళీ మగ్గు ముంచాడు. "నీళ్ళు అడిగాడు. నా దగ్గర లేవు. సీసా ఇంజన్లో మర్చిపోయి దిగాను. అరగంట నడక. తేవాలంటే పోనూ రానూ గంట."

ఆ సీసా ఎవరు తాగారో డెల్బర్ట్‌కి తెలుసు. మూత నీలం రంగుది. చివరి చుక్క దాకా తాగి, మూత బిగించి పెట్టాడు కూడా.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పడానికా నేను దిగింది? నువ్వు చూడకుండా ఉండాలనే కదా నన్ను దింపుతారు."

ముప్పై ఒక్కేళ్ళలో మూడుసార్లు బండి అట్లా ఆగింది. మూడుసార్లూ ఎవరో ఒకరు దిగి వెనక్కి నడిచారు. వాళ్ళు తిరిగొచ్చి మెట్లెక్కాక వాళ్ళ మొహాల వైపు తను చూడలేదని డెల్బర్ట్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఇంకేమన్నా అన్నాడా?"

"ముందున్న అతనికి దెబ్బేం తగల్లేదు కదా అని అడిగాడు. నీ గురించి. బాగానే ఉన్నాడు అన్నా. మళ్ళీ కాసేపటికి అదే అడిగాడు. మళ్ళీ అదే చెప్పా." రూడీ మగ్గు పక్కన పెట్టి మొహం తుడుచుకున్నాడు. "మూడు వారాల్నుంచీ నీ మొహం చూస్తున్నా డెల్. పోయేవాడితో అబద్ధం ఆడానేమోనని. నువ్వు తింటున్నావు, పడుకుంటున్నావు, బండి లేటని లెక్క చెప్తున్నావు. నాకు తెలియట్లా. నువ్వే చెప్పు. నేనాడింది అబద్ధమా?"

డెల్బర్ట్ తిమ్మిరెక్కిన కాలుని నొక్కి చూసుకున్నట్టు లోపల అక్కడక్కడా నొక్కి చూసుకున్నాడు. నొరీన్ మీద, తండ్రి మీద, ఆ టోపీ మీద. ఎక్కడా ఏమీ తగల్లేదు. ఇన్నాళ్ళూ దాన్నే బాగుండడం అనుకున్నాడు.

"అబద్ధమే చెప్పావురా" అన్నాడు.

రూడీ తల ఊపాడు. కోపం లేదు, ఏడుపు లేదు. భుజాలు మాత్రం కొంచెం కిందికి దిగాయి.

"రేపు ఎనిమిదింటికి ఫోనొస్తే ఎక్కనని చెప్తా. ఎప్పుడెక్కుతానో తెలీదని చెప్తా. నీ సంగతి నువ్వు చెప్పుకో. నన్ను చూసి ఎక్కకు" అన్నాడు డెల్బర్ట్.

"ఎక్కను."

డెల్బర్ట్ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు. గోనెపట్టా రెండో కొస పట్టుకోమని రూడీకి సైగ చేశాడు. ఇద్దరూ చేపని నీళ్ళ దాకా మోసి జమ్ము పక్కన దింపారు. అది పక్కకి ఒరిగి కాసేపు కదల్లేదు. డెల్బర్ట్ దాని పొట్ట కింద చెయ్యి పెట్టి నిటారుగా పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయాడు. అప్పుడు తోక ఒకసారి తగిలింది, చేప బురదలోకి పోయింది. బతుకుతుందో లేదో చెప్పలేం.

"ఇంజన్ దిగిన దగ్గర్నుంచి చెప్పు. అరగంట నడిచావు కదా, అది కూడా" అన్నాడు డెల్బర్ట్.

"అంతానా?"

"అంతా."

రూడీ అతని పక్కన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. మెట్ల దగ్గర కంకర జారిందని, మొదటి పది పెట్టెలు లెక్కపెట్టానని, తర్వాత పరిగెత్తానని చెప్పసాగాడు. నలభయ్యో పెట్టె దగ్గరికి వచ్చేసరికి డెల్బర్ట్ కుడి అరచెయ్యి, ముల్లు దిగిన చోట, సలపడం మొదలుపెట్టింది. అతను ఆ చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, ఆపకుండా చెప్పమన్నాడు.