డబ్బా మీది పేరు

ఉన్ని అద్దకం షెడ్డులో ఆవిడను అందరూ చీమలక్క అనేవారు. తొట్టి కింద పొయ్యి వెలిగించే ముందు ఎదుటి గోడ వార చిటికెడు పంచదార చల్లి, పొయ్యి అంచున పాకే చీమలన్నీ అటు మళ్లేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం ఆవిడ అలవాటు. షెడ్డు మేస్త్రీ ఆవిడ మరిదే. మా వదినకు రంగుకన్నా చీమల విందే ముఖ్యమని వేళాకోళమాడేవాడు గాని, రంగు పట్టించడంలో ఆవిడను మించిన చెయ్యి లేదని ఎరిగి ఆగేవాడు.

ఆ చేతికి తోడు నీలం డబ్బాలోని ఫార్మిక్ యాసిడ్. కాగుతున్న రంగునీళ్లలో దాన్ని పలుచన చేసి అదను చూసి పోస్తేనే ఎరుపు ఉన్నిలోకి ఎక్కుతుంది. ముంజేతి మీద చుక్క చిందితే కడుక్కుని, "చీమ కుట్టిందిలే" అని నవ్వి ఊరుకునేది.

ఆ రోజు తొట్టి నిండా ఉన్ని దారపు చిలపలు కాగుతున్నాయి. బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ ఆడపడుచు క్యారేజీ తెచ్చి, డబ్బా మీది పేరు చదివింది. లాటిన్‌లో చీమను ఫోర్మికా అంటారనీ, మూడు వందల ఏళ్ల కిందట చీమలను కుప్పలుగా పోసి కాచి, ఆ ఆవిరిని చల్లార్చి ఈ ఆమ్లాన్ని తీశారనీ, పేరు అలా వచ్చిందనీ పాఠం చెప్పినంత తాపీగా చెప్పింది.

చీమలక్క చేతిలోని మగ్గు కింద పెట్టేసింది.

"ప్రాణమున్న చీమల్నా?"

"అది అప్పటి మాట వదినా. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో గ్యాసు నుంచి చేస్తున్నారు. ఒక్క చీమ కూడా చావదు."

"మరి పేరెందుకు ఉంచారు?"

పాతికేళ్లు పిల్లల చేత ఆ పేరు వల్లె వేయించిన మనిషి డబ్బాను తిప్పి మళ్లీ చదివింది. డబ్బా మీద చెయ్యి కాలే బొమ్మ ముద్రించారు, మూత బిగించమని రాశారు. రోజూ దాన్ని ముట్టుకునే మనిషికి పేరు వెనుక కథ చెప్పాలన్న ఇంగితం మాత్రం ఏ మహానుభావుడికీ లేకపోయింది.

చీమలక్క గోడ వార చూసింది. పంచదార చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. పీట లాక్కుని కూర్చుంది. ఇంక ఆ డబ్బా ముట్టనంది.

మేస్త్రీ తొట్టిలోకి తొంగి చూసి కంగారుపడ్డాడు. "రంగంతా నీళ్లలోనే ఉంది వదినా. నన్ను పొయ్యమంటావా?"

"నీ చేత్తో పోస్తే మచ్చలు పడి చిరుతపులి తోలు తేలుతుంది," అంటూనే లేచింది.

కొంచెం కొంచెంగా, కలియబెడుతూ పోసింది. నీళ్లు తేటపడ్డాయి, చిలపలు ఎర్రగా నిగనిగలాడాయి. మేస్త్రీ ఊపిరి పీల్చుకుని, వదిన ముంజేయి కుళాయి కింద పెట్టడం చూసి, ఎప్పటి పరాచికమే ఆడాడు.

"చీమ కుట్టిందా?"

ఆవిడ నవ్వలేదు. చిన్నతనం నుంచీ చీమకాటుగా ఎరిగిన ఆ మంటను కొత్తగా చూస్తున్నట్టు, నీళ్ల కింద చెయ్యి అలాగే ఉంచింది.