అనాథ ప్రాసెస్ పాఠం

ఆ ఏడు వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను గెస్ట్ లెక్చరర్‌ని. నా ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో అంతకుముందు చాలామంది తప్పారు. ఈసారీ అలాగే అయితే రెన్యువల్ ఉండదని ప్రిన్సిపాల్ చెప్పేశారు. చెప్పిందే చెప్పి గొంతు పోయేది. పిల్లల ముఖాల్లో ఏమీ కదిలేది కాదు.

దిక్కుతోచక, పాఠాన్ని వాళ్లచేతే ఆడించాను. కంప్యూటర్లో నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఒకటి ఇంకొకదాన్ని పుట్టిస్తే, పుట్టించింది పేరెంట్, పుట్టింది చైల్డ్. పేరెంట్ ముందే ముగిసిపోతే చైల్డ్ అనాథ. అప్పుడు అన్నిటికన్నా ముందు మొదలైన ఒకటో నంబరు ప్రాసెస్ దాన్ని దత్తత తీసుకుంటుంది.

ముందు బెంచీలో కూర్చునే, వడ్డేపల్లి ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయిని చైల్డ్‌గా నిలబెట్టాను. పేరెంట్‌గా నిలబడ్డ పిల్లతో, "నువ్వు సచ్చిపోయినవ్. పోయి కూసో," అన్నాను. క్లాసంతా నవ్వింది. మొదటిసారి పాఠం అర్థమైంది వాళ్లకు.

వడ్డేపల్లి అమ్మాయి అక్కడే నిలబడి అడిగింది: "ఒకటో నంబరు ఎంతసేపట్ల వస్తది మేడం?"

"ఎంటనే వస్తది."

మర్నాటి నుంచి ఆమె రాలేదు. వారం తర్వాత ఆమె స్నేహితురాలు చెప్పింది: "వాళ్లమ్మ మొన్న ఎండకాలంల సచ్చిపోయింది మేడం. నాయిన ముందే లేడు. మీకు తెల్వదా?"

తెలియదు. హాజరు పిలవడం తప్ప ఆ పిల్లను నేనేమీ అడగలేదు.

ఆదివారం గద్వాలలో బస్సు మారి వడ్డేపల్లి పోయాను. విత్తనం కోసం వేసిన సీడు పత్తి చేనులో, మేనత్త పక్కన, ఆ పిల్ల వంగి క్రాసింగుకు మొగ్గలు ఒలుస్తోంది. తప్పైందన్నాను.

"మీ మీద కోపం లేదు మేడం. గా క్లాసుల అడుగు పెట్టబుద్ధి అయితలేదు. గంతే."

మేనత్త నడుము పట్టుకుని లేచింది. "వాళ్లమ్మ పోయినంక గూడ కాలేజీకి తోలిన మేడం. ఇప్పుడు అదే పోనంటది. నన్నేం చెయ్యమంటరు?"

"పాఠాలకు రాకున్నా మంచిదే బిడ్డా. పరీక్ష ఒక్కటి రాయి," అని బతిమాలాను.

"సూస్త మేడం," అంది, చేతులాపకుండానే.

ఇంకో రెండుసార్లు పోయాను. ఆఖరుసారి నన్ను చూసి ఆ పిల్ల చేను లోపలికి వెళ్లిపోయింది. గట్టు మీద చాలాసేపు నిలబడి తిరిగొచ్చాను. హాల్ టికెట్ స్నేహితురాలితో పంపాను.

ఆ పేపర్లో క్లాసు దాదాపు అంతా పాసైంది. నన్ను మళ్లీ తీసుకున్నారు. పిల్లలచేత ఆడించే పద్ధతిని మిగతా లెక్చరర్లకూ చూపించమని ప్రిన్సిపాల్ అన్నారు. కాదనే ధైర్యం లేక చూపించాను.

ఫలితాల జాబితాలో వడ్డేపల్లి అమ్మాయి పేరు ఎదుట గైర్హాజరు అని ఉంది. ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించింది నేనే.