దయ్యాల ఆటలో నా ఓటు రెండో భాగానికే

సిరిసిల్లలో మా ఇంటి ముందు గదిలో టీవీ, వెనక షెడ్డులో మరమగ్గాలు. నా చిన్నప్పుడు దుబాయిలో పనిచేసే మేనమామ వీడియో గేముల మిషన్ తెచ్చాడు. దాంతో పాటే వచ్చింది ఆ దయ్యాల బంగళా ఆట. ఒక పిరికి పోస్ట్‌మన్ టార్చిలైటు పట్టుకుని లోపలికి వెళ్లి దయ్యాలను సంచిలో వేసుకు రావాలి. అవి ఎవరినీ చంపవు. ఒకటి అద్దం ముందు కూర్చుని జడ వేసుకుంటుంది, ఇంకొకటి వంటింట్లో దొంగతనంగా లడ్డూలు తింటుంది.

ఆ ఆటకు మూడు భాగాలు. మొదటిదంతా ఒకే పెద్ద బంగళా. రెండోదాంట్లో వేరువేరు చిన్న ఇళ్లు, ఇంటింటికీ కాసేపట్లో అయిపోయే పనులు. మూడోది ఓడ మీద జరుగుతుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది.

బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చాక, మా చుట్టుపక్కల ఈ ఆట అభిమానులంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో చేరాను. మొదటిదే గొప్పదని, రెండోది దండగని అక్కడ అందరి మాట. రెండోదే మేలని నేను రాశాను. గల్ఫ్‌లో పనిచేసే, జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం ఆయన ఒకరు వాయిస్ మెసేజ్ పెట్టారు. గ్రూపులో అందరూ ఆయన్ని అన్న అనేవాళ్లు.

"చెల్లె, మొదటిది మొత్తం ఆడినవా?"

"సగమే ఆడిన అన్న."

"గట్లయితే ముందుగాల అది మొత్తం ఆడు. ఆడినంక చెప్పు."

ఆ మాట న్యాయమైనదే, అందుకే గుచ్చుకుంది. మొదటిది చివరిదాకా ఆడాలని, ఆడాక ఏమనిపిస్తే అదే మొహమాటం లేకుండా చెప్పాలని నిశ్చయించుకున్నాను.

రోజూ బడి నుంచి రాగానే కూర్చునేదాన్ని. గడియారాల గదిలో ఒక దయ్యం దీపాలార్పి చీకట్లో తిరుగుతుంది. ప్రతిసారీ అక్కడే ఓడిపోయేదాన్ని. దాని అడుగుల చప్పుడు వినమని గ్రూపులో చెప్పారు. మా ఇంట్లో మగ్గాలు నడుస్తుంటే పక్కన కూర్చున్న మనిషి మాటే వినపడదు.

"గా దయ్యంతోని ఇంకెన్ని రోజులు కొట్లాడుతవే?" అంది అమ్మ.

"పట్టేదాంక," అన్నాను.

దసరా సెలవుల్లో మిషన్ సంచిలో పెట్టుకుని కోరుట్లలోని మా అక్క ఇంటికి బస్సెక్కాను. మధ్యాహ్నం, బావ పనికి పోయాక, అక్క చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే నేను ఆట పెట్టాను. పోస్ట్‌మన్ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పైగదిలో ఏదో దయ్యం గురక పెడుతోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"గివన్ని మనకెన్నడన్న ఇనవడ్డయా?" అంది అక్క.

చిన్నప్పుడు మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి పిలిచేదాకా ఇద్దరం కలిసి ఆడిన ఆటే. మగ్గాల మోతలో ఒక్క చప్పుడూ వినలేదు. గడియారాల గదిలో దీపాలారగానే అక్క చేతిలో ఆకు ఆగిపోయింది.

"తలుపెన్క ఉన్నదే," అంది మెల్లగా.

అటు టార్చి వేశాను. దొరికింది. సెలవులయ్యేలోగా బంగళా మొత్తం ఖాళీ చేశాం.

అన్న సెలవు మీద వచ్చినప్పుడు గ్రూపులోని కొందరం జగిత్యాలలో ఒక చాయ్ హోటల్లో కలిశాం. కూర్చోగానే ఆయన అడిగింది అదే.

"మొదటిది గొప్పదే అన్న. గా చప్పుళ్లు రెండోదాంట్ల లేవు," అన్నాను. "అయినా నాకు రెండోదే ఇష్టం. పని నడుమ కాసేపు దొరికినా ఒక దయ్యాన్ని పట్టొచ్చు. మొదటిదానికి మనం తీరుబడిగ ఉండాలె."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"గల్ఫ్‌ల మేముండే లేబర్ క్యాంపుల శుక్రవారమంత ఖాళీనే చెల్లె," అన్నారు. "ఎటు పోను? హెడ్‌ఫోన్ పెట్టుకోని గా బంగళాల తిరుగుతుంటే ఒక ఇంట్ల ఉన్నట్టుంటది."

నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. అయినా అడగాల్సింది అడిగాను.

"మరి మీరు రెండోది మొత్తం ఆడిండ్రా?"

"రెండిండ్లు ఆడి ఇడిసిపెట్టిన," అని నవ్వేశారు. మిగతావాళ్లు ఆయన్ని వదల్లేదు. మొత్తం ఆడతానని అందరి ముందు ఒప్పుకున్నారు.

తిరిగి వెళ్లాక మాట నిలబెట్టుకున్నారు. బాగుందని మెచ్చుకుంటూనే, తన ఓటు మాత్రం మొదటిదానికే అన్నారు. నాదీ మారలేదు. ఇప్పుడు మా గ్రూపులో రెండోదాన్ని ఎవరైనా దండగంటే, నాకంటే ముందు ఆయనే జవాబిస్తారు.