కొత్త క్రేనుకు బొట్టు

విశాఖ పోర్టు దగ్గరి ఆ యార్డులో ముగ్గు వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. క్రేను నడపడానికి కావాలి. సూర్యకళకు ఆ లైసెన్సు ఉంది. ఉండి ఏం లాభం? చేరిన నాటి నుంచీ గేటు దగ్గర కూర్చోబెట్టి లారీలకు చీటీలు రాయిస్తున్నారు. విశ్వకర్మ పూజ వచ్చిందంటే మాత్రం "మన సూర్యకళ చెయ్యి పడాల" అంటూ ముగ్గుపిండి తెచ్చి ఇస్తారు. ఆడదాని చేతికి యంత్రం అప్పజెప్పడానికి వణికే మగమహారాజులకు, అదే చేత్తో యంత్రానికి బొట్టు పెట్టించుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు!

ఎలమంచిలి పక్క పల్లెలో ఆమె తండ్రి "రుషికొండలో కంప్యూటరు పని సూసుకోయే, ఏసీలో కూకుందువు" అని మొత్తుకున్నాడు. వినలేదు. క్రేను నేర్పే చోట మగపిల్లల నవ్వుల మధ్య ఒక్కతే కూర్చుని పంతం పట్టి నేర్చుకుంది. కొత్త క్రేను వస్తే నీదేనని ఫోర్‌మన్ ఎల్లారావు మాటిచ్చాడు. ఆ యార్డు ఆచారం ఏమిటంటే, పూజనాడు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి క్రేనును మొదట ఎవరు కదిలిస్తే, ఏడాదంతా అది వాళ్ళదే.

ఈ ఏడు కొత్త క్రేను రానే వచ్చింది. సూర్యకళ పొద్దున్నే వచ్చి నడుం పడిపోయేలా పద్మం ముగ్గు వేసింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, టైరుకో నిమ్మకాయ పెట్టింది. కొబ్బరికాయ కొట్టడం అవగానే తాళం కోసం చెయ్యి చాపింది. ఎల్లారావు ఆ తాళాన్ని తన మేనల్లుడు సాయిశంకర్‌కు ఇచ్చాడు.

"ఏటి సార్ ఇది? నాకని సెప్పినారు కదా."

"సెప్పాన్లే. కొత్త బండి, తొలిసారే ఆడగుంట తొక్కిత్తే నలుగురూ ఏటనుకుంతారు? ఆచారం ఆచారమే. నువ్వెళ్ళి పులిహోర పంచు."

పులిహోర పంచాలట! సూర్యకళకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంగి, టైర్ల కింది నిమ్మకాయలన్నీ ఏరి చున్నీ కొంగులో కట్టుకుంది.

"ఇవి నాను పెట్టినవి. నానే తీసుకుంతన్నాను."

అప్పటికే క్యాబిన్‌లో కూర్చున్న సాయిశంకర్ మొహం పాలిపోయింది. "పెట్టిన నిమ్మకాయలు తీసేత్తే కీడు మావా. నాను నడపను" అని, తాళం బండికే వదిలేసి దిగిపోయాడు. వేరేవి తెప్పిస్తానని మేనమామ అన్నా వినలేదు. మిగతా ఆపరేటర్ల వైపు చూశాడు ఎల్లారావు. మీసాలున్నాయి గానీ, ఒక్కడూ అడుగు ముందుకు వేయలేదు.

సూర్యకళ ఎక్కి కూర్చుంది.

"దిగు గుంటా. నిమ్మకాయల్లేవు."

"నాకక్కర్లేదు. పక్కకి తప్పుకోండి."

పొద్దుటి నుంచీ వంగి వేసిన ముగ్గు మీంచే క్రేనును పోనిచ్చింది. ముగ్గు సగం టైర్లకే అంటుకుపోయింది. యార్డు చివర ఆపినప్పుడు కూడా ఆమె మొహంలో నవ్వు లేదు. ఎల్లారావు రొప్పుకుంటూ వచ్చాడు.

"దిగు, మాటాడుకుందాం."

"ఏటి మాటాడతారు సార్, ఆచారం ఆచారమే. పులిహోర మీ మేనల్లుణ్ణి పంచమనండి."