లోపల ఇనుప సపోర్టు, చేతిలో పత్తెపు డబ్బా

నాన్నకు అన్న అయిన మా పెద్దబాపు కళ్లు పచ్చబడి నెల దాటిన తరువాత బొగ్గుగని కంపెనీ దవాఖాన డాక్టరు స్కానింగు తీయించి సికింద్రాబాద్‌కు కాగితం రాసిచ్చారు. క్లోమం దగ్గర ఉన్న క్యాన్సర్ గడ్డ పిత్తనాళాన్ని నొక్కుతోంది. పైత్యరసం పేగులోకి దిగే దారి లేక రక్తంలో చేరుతోంది. గడ్డను తీసే వీలు లేదు కానీ, నాళంలో స్టెంటు అనే గొట్టం పెట్టి దారి తెరవవచ్చు. ఈ సంగతి పెద్దబాపుకూ నాకూ తెలుసు. పెద్దమ్మకు మాత్రం ఇవి కామెర్లే. "ఆమెకు నేనే చెప్త, నువ్వు తొందరపడకు," అని పెద్దబాపు నా చేత మాట తీసుకున్నాడు. నిజం దాచడం తప్పని కళాశాల వేదికల మీద ఎన్నోసార్లు వాదించిన నేను, ఆ మాట ఇచ్చి బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు ముగ్గురం గోదావరిఖని చౌరస్తాలో ఆటో ఎక్కి, ఏడుంబావుకు రామగుండం స్టేషన్ చేరి రైలెక్కాం. ఇలా తోడు వెళ్లేవారికి ఒక సూచన: రోగి కిటికీ పక్కన కాకుండా నడవ వైపు కూర్చోవడం మేలు, పెద్దపల్లి దాటేసరికే ఎండ ఒళ్లోకి వస్తుంది. పెద్దబాపు ఒళ్లంతా దురద. దువ్వెనతో వీపు గోక్కుంటూనే ఉన్నాడు.

ఎదుటి సీటు పెద్దమనిషి ఆయన కళ్లు చూసి, "కామెర్లకు పట్నం దాక ఎందుకే? పసరు పోయిస్తే పాయె," అన్నాడు.

"మూడుసార్లు పోయించినం," అంది పెద్దమ్మ.

పసరుకూ వైద్యానికీ తేడా ఏమిటో నేను వివరించడం మొదలుపెట్టాను. జమ్మికుంట వచ్చినా ముగించలేదు.

"మా బిడ్డకు కాలేజీల మైకు ఇచ్చిండ్రు, వాపసు తీసుకునుడు మరిచిండ్రు," అన్నాడు పెద్దబాపు.

పన్నెండున్నరకు సికింద్రాబాద్‌లో దిగాం. దవాఖాన వెనుక గ్యాసు పొయ్యితో సహా గది దొరికింది. పెద్దమ్మ అందుకే దాన్ని ఎంచుకుంది: నెలరోజులుగా ఆమె ఆయనకు ఉప్పు, కారం, నూనె లేని పత్తెం పెడుతోంది, అక్కడా మానలేదు. ఆమె బియ్యం కడుగుతుండగా మేమిద్దరం డాక్టరమ్మను కలిశాం.

"ప్లాస్టిక్ గొట్టమైతే కొన్ని నెలలకే పూడుకుపోతుంది, మార్చాలి. లోహపుది జల్లెడలా లోపల విచ్చుకుని ఎక్కువకాలం నిలుస్తుంది," అన్నారామె.

పెద్దబాపు గనిలో ముప్పై ఏళ్లు పైకప్పుకు ఊతలు పెట్టిన మనిషి. "ఇనుపదే పెట్టుండ్రి మేడం. కట్టె సపోర్టులు నేను మస్తు మార్చిన," అన్నాడు. ఆ వెంటనే, "మీద కూసున్న బండ, గదే గడ్డ, మాత్రం అట్లనే ఉంటది గదా?" అని అడిగాడు.

"ఉంటుంది. దారి తెరుచుకుంటుంది, అంతే."

"చాలు."

మరునాడు పొద్దున పరగడుపున తీసుకెళ్లారు. కోత లేదు, మత్తిచ్చి, నోటి గుండా గొట్టం పంపి స్టెంటు పెట్టారు. గంటలోపే పని పూర్తయింది. మూడోనాడు ఉదయానికి దువ్వెన అవసరం బాగా తగ్గింది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ రెండు మాటలు చెప్పారు: చలిజ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా వెంటనే రావాలి, పత్తెం అక్కర్లేదు, ఉప్పూ కారం వేసుకుని కొంచెం కొంచెంగా తినవచ్చు. పెద్దమ్మ తల ఊపింది. గదికి వెళ్లి మళ్లీ చప్పిడి అన్నమే వండింది.

పన్నెండున్నర రైలు ఎక్కాం. జనగామ దగ్గర ఆమె డబ్బా విప్పింది. "డాక్టరమ్మ ఉప్పు తినొచ్చన్నది కదా?" అన్నాను.

"మా అమ్మకు గూడ ఆఖరుకు గిట్లనే చెప్పిండ్రు, ఏదడిగితే అది పెట్టుండ్రి అని. నేను పత్తెం ఇడువ," అంది పెద్దమ్మ. తర్వాత నా ముఖంలోకి చూసింది. "నువ్వు అబద్ధమాడవు. చెప్పు బిడ్డా, గీయనకు తగ్గుతదా?"

ఇలాంటి ప్రశ్నకు నా దగ్గర ఎన్నో సమాధానాలు సిద్ధంగా ఉండేవి. ఈసారి పెద్దబాపు వైపు తిరిగాను. "పెద్దబాపూ, నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్నాను.

ఆయన డబ్బా పక్కన పెట్టాడు. "కామెర్లు పోతయి. లోపల క్యాన్సర్ గడ్డ ఉన్నది, అది పోదు."

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"స్కానింగు తీసిన నాటిసంది. నువ్వేమో పసరు కోసం ఊరూరు తిరుగుతుంటివి. ఆపబుద్ధి కాలే."

కాజీపేటలో బండి ఆగినప్పుడు ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, పక్క సీటులో అన్నం తింటున్న ముస్లిం ఇల్లాలిని అడిగింది: "అక్కా, జరంత తొక్కు ఉన్నదా?"

"తీస్కో అక్కా, మామిడికాయది. కారం జర ఎక్కువుంటది."

పెద్దమ్మ చిటికెడంత అన్నంలో కలిపి ఇచ్చింది. పెద్దబాపు నమిలి, "ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

"నెలదినాలు సప్పిడి తిన్న నోరు గది. మాట్లాడక తిను."

ఆ స్టెంటు ఆయుష్షును ఎంత పొడిగిస్తుందో నాకు తెలియదు. డాక్టరమ్మ కూడా లెక్క చెప్పలేదు. ఆయనకు ఆకలినీ, ఆమెతో పోట్లాడే ఓపికనూ తిరిగి ఇచ్చిందని మాత్రం చూసిన మనిషిగా చెప్పగలను. నాలుగుంబావుకు రామగుండంలో దిగి ఆటో ఎక్కాం. దారి పొడుగునా పెద్దబాపు రాత్రికి ఏమేం కావాలో చెబుతూనే ఉన్నాడు: పచ్చిపులుసు, చేపల కూర, గుడ్డు పొరటు, పెసరపప్పు.

"రోజుకొక్కటి చేస్త," అంది పెద్దమ్మ. "జల్ది ఏమున్నది?"