కోట ఆటలో రెండో దారి

పోయిన వారం మా అమ్మాయి వచ్చి, తన ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టి, కళ్లద్దాలు వెతికి తెచ్చిచ్చి, ఒకటి చూపిస్తాను గానీ ఏడవకూడదు అని ముందే షరతు పెట్టింది. నాకిప్పుడు ఏడవడానికి కూడా ఓపిక లేదని చెప్పాను. అది అబద్ధం కాదు. పొద్దున లేచి పాలు కాచుకునేసరికే సగం రోజు అయిపోయినట్టుంటుంది, మోకాళ్లు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. తెర వెలిగింది. నల్లరాతి కోట, దాని ముందు గళ్లు గీసిన నేల, ఆ గళ్లలో నిలబడి మన మాట కోసం ఎదురుచూసే చిన్న చిన్న సిపాయిలు. మా కోట ఆట! దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందట. ఆ ఆటను మరిచిపోలేని కొందరు అభిమానులు, ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూనే, సెలవు రోజుల్లో కూర్చుని, ఎవరి దగ్గరా ఏమీ ఆశించకుండా, మొదటి రాయి నుంచి మళ్లీ కట్టారట.

నా ఈడు వాళ్లు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. వీడియో గేమ్ అంటే పిల్లల చదువు పాడుచేసే దయ్యమని మనమందరం తిట్టినవాళ్లమే. బడిలో ఇంగ్లీషు చెప్పే పంతులమ్మను కాబట్టి నేను మరీ ఎక్కువ తిట్టాను. కానీ రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మేం బొగ్గు గనులవాళ్ల సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో ఉన్నప్పుడు, కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు గారు బదిలీ మీద వెళ్తూ తమ పాత కంప్యూటర్‌ను మాకు అమ్మేశారు. అమ్మాయి చదువుకు పనికొస్తుందని కొన్నాం. అది చదువుకు ఎంత పనికొచ్చిందో దేవుడికి తెలియాలి, దాంట్లో ఇంజనీరు గారి పిల్లలు చెరపకుండా వదిలేసిన ఆ ఆట మాత్రం అందరికంటే ఎక్కువగా మా ఆయనకు అంటుకుంది.

మా ఆయన బొగ్గు బాయిలో టింబర్‌మన్. భూమి లోపల తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆటలో కూడా అలాంటివాడు ఒకడుండేవాడు, నెరిసిన గడ్డంతో, కత్తి పట్టని ముసలి వడ్రంగి. వాడు కర్రలతో అడ్డుగోడలు కడతాడు, గోడలు తట్టి చూస్తాడు, అంతకు మించి ఏమీ చేతకాదు. ఇంజనీరు గారి పిల్లలు వాడిని ఎందుకూ పనికిరానివాడిలా ఒక మూల వదిలేసేవారట. మా ఆయన వాడికి టింబర్‌మన్ అని పేరు పెట్టి నెత్తిన పెట్టుకున్నారు. నిప్పు బాణాలు వేసేవాడు, బాయిలో మందుగుండు పేల్చేవాడి పేరుతో షాట్‌ఫైరర్ అయ్యాడు, గాయాలకు మందు పూసే పిల్ల దవాఖాన అక్క అయింది. పచ్చీసు ఆటలా మన వంతు, తర్వాత వాళ్ల వంతు. మధ్య మధ్య సిపాయిలు తమ కష్టసుఖాలు ఇంగ్లీషులో చెప్పుకునేవారు. ఆ మాటలన్నీ ఆయన పక్కన మోడా వేసుకుని కూర్చుని తెలుగులో గట్టిగా చదివి వినిపించడం నా డ్యూటీ. బడిలో గొంతు పోయేలా అరిచి, ఇంటికొచ్చి వంట చేసి, మళ్లీ ఇది. విసుక్కుంటూనే చదివేదాన్ని, ఒక్కరోజు మానేస్తే మాత్రం నాకే తోచేది కాదు.

ఆయన ఆడే తీరు చూస్తే మా అమ్మాయికి ఒళ్లు మండేది. శత్రువు ఎదురుగా ఉన్నా సరే, గుహలోకి అడుగు పెట్టాలంటే ముందు టింబర్‌మన్ వెళ్లాలి. గోడ తట్టాలి, దుంగ నిలబెట్టాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. బాయిలో ఇనుప గడ్డపారతో పైకప్పు తట్టి, చప్పుడు గట్టిగా వస్తే సరేనని, డొల్లగా మోగితే మనుషులను వెనక్కి పంపడం ఆయనకు తిండి తినడమంత అలవాటు. ఆటలో పైకప్పు కూలదు నాన్నా అని పిల్ల మొత్తుకునేది. మేం గోడలు తడుతుండగా అవతలివాళ్లకు కొత్త బలగం వచ్చేసేది, మేం ఓడిపోయేవాళ్లం. ఇంకో చిత్రం కూడా చెప్పాలి. ఆ ఆటలో చచ్చినవాడు మళ్లీ రాడు. మన సిపాయి ఒకడు పడిపోతే ఆయన లేచి కంప్యూటర్ ఆపేసేవారు. బాయిలో మనిషి పోతే ఆ షిఫ్టు ఎవరూ పని చేయరు, అందరూ పైకి వచ్చేస్తారు. మా ఇంట్లోనూ అదే రివాజు. మర్నాడు ఆ పోరాటం మొదటి నుంచి మొదలయ్యేది.

అలా నత్తలా నడిచి నడిచి, కొన్నేళ్లకు చివరి కోటకు చేరాం. కోట కింద సొరంగం, సొరంగంలోకి నీళ్లు ఎక్కుతుంటాయి. బయటపడాలంటే ఇనుప గేటు ఎత్తాలి, ఆ గేటు చక్రం తిప్పడం టింబర్‌మన్ ఒక్కడికే వచ్చు, చేయి తీస్తే గేటు పడిపోతుంది. అంటే వాడు అక్కడే ఉండిపోవాలి. మిగతావాళ్లు దాటిపోతే ఆట గెలిచినట్టే. తెర మీది ఆ మాటలు నేను తెలుగు చేసి చదివాను. ఆయన అందరినీ గేటు ముందు వరసగా నిలబెట్టి, ఆటను అక్కడికి సేవ్ చేసి, లేచి చేతులు కడుక్కున్నారు. పిల్ల ఎంత బతిమాలినా వినలేదు.

"టింబర్‌మన్‌ను గేటు కాడ ఇడ్సిపెట్టి బయటికొస్తే గది గెలుపెట్లయితది?" అన్నారు.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టు. బాయి అన్నాక రెండు దారులుండాలి. దిగే దారి ఒకటి, దానికి ఏమైనా అయితే బయటపడేందుకు దూరంగా ఇంకొకటి. రెండో దారి లేకుండా మనుషులను పనికి దింపకూడదన్నది గనుల కట్టుబాటు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజుల్లోనే నేర్పుతారు. కాబట్టి ఆ సొరంగం గీసినవాళ్లు కూడా రెండో దారి పెట్టే ఉంటారని, మనకే కనబడలేదని ఆయన నమ్మకం. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, టింబర్‌మన్‌ను నడిపిస్తూ గోడలోని ఒక్కో గడినీ తట్టించేవారు. ప్రతిసారీ ఒకటే జవాబు, అది ఉత్త రాయి అని. నేను గోదావరిఖని వెళ్లినప్పుడు చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుని వెతికాను. ఆ ఆట ఆడినవాళ్లందరూ రాసింది ఒకటే, ముసలివాడు చావాల్సిందే. ఇంటికొచ్చి చెప్పాను.

"వాళ్లకు దొరకలేదేమో. రెండో దారి లేంది మనిషినెట్ల దింపుతరు?" అన్నారాయన, నేనేదో చిన్నపిల్ల మాట మాట్లాడినట్టు.

ఇంత మొండిపట్టు ఎందుకని నేను అనగలిగే రోజులు ఒక వానాకాలంలో పోయాయి. ఆయన మొదటి షిఫ్టుకు వెళ్లారు. నేను క్లాసులో ఉండగా వేళకాని సైరన్ మోగింది. వేళకు మోగే సైరన్‌కు మా కాలనీలో ఎవరూ తల తిప్పరు. అది మోగేసరికి మాత్రం బడిలో పిల్లలు కూడా చప్పుడు ఆపేశారు. పాత తవ్వకాల్లో నిలిచిన నీళ్లు లోపలికి విరుచుకుపడ్డాయని, దిగే దారి మునిగిందని తెలిసింది. దొరికిన ఆటోలో ఆడవాళ్లం ఎక్కి పోయాం. గని ముఖద్వారం దగ్గర తాడు కట్టి మమ్మల్ని ఆపేశారు. వానలో ఆ తాడు పట్టుకుని, ఆ నల్లటి నోటి వంక చూస్తూ నిలబడ్డాను. ఏ దేవుడికి ఏం మొక్కానో గుర్తులేదు. అందులోంచి ఒక్క మనిషీ రాలేదు. పొద్దు వాలేవేళకు మా పక్కింటాయన స్కూటర్ మీద వచ్చి, ఏడుస్తున్నానో తడిశానో తెలియని నా ముఖం చూసి, చెల్లె, ఇంటికి నడువు, బావ ఎప్పుడో వచ్చిండు అన్నాడు.

నేను నమ్మలేదు. ఇంటికెళ్తే నిజంగానే మా ఆయన తాళం వేసిన తలుపు ముందు, మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లంతా బురద, చేతిలో పక్కింటివాళ్లు ఇచ్చిన చాయ్ గ్లాసు. వాళ్ల గ్యాంగు మొత్తం గాలి బయటికిపోయే పాత దారిలో వంగి, పాకి, ఊరి అవతల పొలాల్లో పైకి తేలారట. అక్కడి నుంచి లారీలో తెచ్చి ఇళ్ల దగ్గర దింపారు. నా కోసం రావాలని లేచారట గానీ కాళ్లు ఆడలేదట.

"నువ్వు గాడెందుకు నిలవడ్డవే? గా దారి మునిగినంక ఇంకో దారిల వస్తం గదా," అన్నారు, చాయ్ తాగుతూ.

నాకు అంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు. వీధి వీధంతా వినేలా తిట్టాను. తాళంచెవి చేతిలోనే ఉన్నా తలుపు తీయడం మరిచిపోయి తిట్టాను. మర్నాడు ఆయన మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని టింబర్‌మన్‌తో గోడ తట్టిస్తుంటే, నేను నోరెత్తకుండా మోడా తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

తర్వాత తెలంగాణ కోసం సమ్మె చేసిన రోజులొచ్చాయి. బాయిలు ఆగిపోయాయి, పొద్దంతా ధర్నాలు, వంటావార్పులు. అక్కడి నుంచి వచ్చి ఆయన సొరంగం పైవరస నుంచి కిందివరస దాకా ఇంకోసారి తట్టారు. ఎక్కడా మోగలేదు. రాష్ట్రం వచ్చిన రోజు కాలనీ అంతా గులాలు చల్లుకుంది. ఆయన కూడా ఆడారు, కాస్త ఆడి దగ్గుతో కూర్చుండిపోయారు. అప్పటికే ఊపిరి సరిగా అందేది కాదు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి పెద్దపల్లికి వచ్చాం. సామాను దించేటప్పుడు ఆ కంప్యూటర్ చచ్చిపోయిందని తెలిసింది. గేటు ముందు వరసగా నిలబడ్డ మనుషులు దాంతోపాటే పోయారు. దవాఖానలో ఆఖరి రోజుల్లో ఒకసారి ఆక్సిజన్ మాస్కు పక్కకు తీసి, "గేటు కాడున్నోళ్లు ఏమైండ్రో," అన్నారు. సగం నవ్వులాటకే అన్నారు. నేను మాస్కు మళ్లీ పెట్టి, ముందు నువ్వు ఊపిరి తీసుకో అన్నాను. ఆయన పోయి కొన్నేళ్లయింది.

అందుకే ఈ కొత్త ఆటను మొదట తెరవబుద్ధి కాలేదు. తీరా ఆడాక మాత్రం, కట్టినవాళ్లకు దండం పెట్టాలనిపించింది. బొమ్మలు కొత్తగా గీశారు గానీ టింబర్‌మన్ గడ్డం, వాడి కుంటినడక అలాగే ఉంచారు. వాన చప్పుడు, వంతు మారినప్పుడు మోగే చిన్న డోలు పాతవే. అక్షరాలు పెద్దవి చేశారు, నాలాంటి చత్వారం వాళ్లు ఎవరో వాళ్లలో ఉండే ఉంటారు. మార్చడానికి చేయి సాగినా మార్చకుండా ఉండటం ఎంత కష్టమో ఇల్లు మరమ్మతు చేయించిన ప్రతివాళ్లకూ తెలుసు. దవాఖాన అక్క గొంతు మాత్రం నాకు నచ్చలేదు, మరీ సినిమా హీరోయిన్‌లా పెట్టారు. అదొక్కటే నా ఫిర్యాదు.

నిన్న సాయంత్రానికి చివరి కోటకు చేరాను. అమ్మాయి ఊరికి వెళ్లిపోయింది, చెప్పేవాళ్లు ఎవరూ లేరు. గేటు కనబడింది. ఇక్కడే ఆపేద్దామనుకున్నాను. ఆయన కోసం ఒక్కసారి తట్టి, అదీ అయిపోయిందని మూసేద్దామనుకున్నాను. టింబర్‌మన్‌ను వెనక్కి నడిపించి గోడ తట్టించాను. ఉత్త రాయి. పక్కది, ఉత్త రాయి. నీళ్లు ఎక్కుతున్నాయి, నా వంతులు అయిపోతున్నాయి. కిందివరస చివర, చీకటిగా ఉన్న మూలలో ఇంకొకటి తట్టించాను. ఇక్కడ డొల్లగా మోగుతోంది అని వచ్చింది తెర మీద.

ఆ మాట మళ్లీ మళ్లీ చదివాను. రాళ్లు తీయాలి, దుంగలు నిలబెట్టాలి, అప్పుడు దారి. ఆయన ఎంత నిదానంగా ఆడేవారని నవ్వామో అంత నిదానంగా ఆడితేనే తెరుచుకునేలా, పాత ఆటలో లేని ఈ దారిని మళ్లీ కట్టినవాళ్లు పెట్టారు. ఎక్కడో, ఏ దేశంలోనో, ఆ ముసలివాడిని గేటు దగ్గర వదిలేసి గెలవడం మింగుడుపడనివాళ్లు ఇంకా ఉన్నారన్నమాట. ఈ సంగతి ఆయనకు తెలిస్తే, చెప్పలేదా అని ఒక్క చూపు చూసి ఊరుకునేవారు. షాట్‌ఫైరర్‌ను పంపాను, దవాఖాన అక్కను పంపాను, ఒక్కొక్కరినీ పంపాను. బాయి పద్ధతి ప్రకారం టింబర్‌మన్ అందరికంటే వెనక వచ్చాడు. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. అలవాటు కొద్దీ తెలుగులో గట్టిగా చదివాను.

"అందరు బయటికొచ్చిండ్రు."

ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మేం బతికిన బాయి ఇప్పుడు లేదు, ఆ చోటంతా పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ అయి కొండంత గొయ్యి మిగిలింది. ఆ గొయ్యికి ముఖద్వారం లేదు, తాడు పట్టుకుని నిలబడి ఎదురుచూడటానికి అక్కడ చోటే లేదు. బొగ్గు ఇంకా వస్తూనే ఉంది. సైరన్‌కు చెవి ఒగ్గే ఆడవాళ్లు తగ్గిపోయారు, అది మంచికే, నేను కాదనను. కానీ మనిషి ఎక్కడి నుంచి వస్తాడో తెలియకుండా ఎదురుచూసిన ఒళ్లు ఇది, దానికి ఆ అలవాటు పోలేదు. ఆ రోజు నేను తప్పు ద్వారం దగ్గర నిలబడి ఏడుస్తుంటే ఆయన ఎప్పుడో ఇంటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నారు.

ఇది ఆ క్వార్టర్ కాదని తెలుసు. అయినా ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచి, వెళ్లి తలుపు తీసి మెట్టు వంక చూశాను.