లారీ ఆట ఆగినప్పుడల్లా

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే ముందు సాక్ష్యం అడిగే మనిషిని నేను. మందుల కంపెనీలో, క్వాలిటీ ల్యాబ్‌లో పదమూడేళ్లుగా పని చేస్తున్నాను. అక్కడ ప్రతి రీడింగునూ టైముతో సహా పుస్తకంలో రాయాలి. ఇంట్లో కూడా నాకు అదే అలవాటు. దీన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేముండేది పటాన్‌చెరులో, రెండో అంతస్తులో. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తమ్మ. ఆయన ఉద్యోగం పాశమైలారంలో, పొద్దున ఏడింటికే వెళ్లిపోతారు. నాది మధ్యాహ్నం షిఫ్టు. పదింటికల్లా వంటపని తెమిలితే నాకు రెండు గంటలు ఖాళీ.

నిరుడు ఒక ఆన్‌లైన్ కోర్సు కోసం కొత్త కంప్యూటర్ తీసుకున్నాను. సంగారెడ్డిలో కంప్యూటర్లు బాగుచేసే మా తమ్ముడు నవీనే సామాను తెచ్చి బిగించాడు. ఊరుకోకుండా అందులో లారీ నడిపే ఆట ఒకటి వేసి పోయాడు. స్కూటీ కూడా సరిగ్గా రాని నాకు, ఘాట్ రోడ్డు మీద లోడు లారీ నడపడం తెగ నచ్చేసింది. కోర్సు మూలన పడింది.

ఒకటే చిక్కు. చక్కగా నడుస్తున్న ఆట ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. మూడు నాలుగు సెకన్లు బొమ్మ కదలదు, శబ్దం రాదు. మళ్లీ కదిలేసరికి లారీ రోడ్డు దిగిపోయి ఉండేది. కొత్త కంప్యూటర్‌కు ఇదేం రోగమని తమ్ముడిని పిలిచాను.

వాడు గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాడు. ర్యామ్ ఊడదీసి పెట్టాడు. వెనకాల నడిచే అప్‌డేట్లన్నీ ఆపాడు. ఆటకు నెట్ అక్కర్లేదని ఆ వైరు కూడా పీకేశాడు. ఏమీ మారలేదు. చివరికి డబ్బా మొత్తం సంగారెడ్డికి పట్టుకుపోయి మూడు రోజులు నడిపి చూశాడు.

“అక్కా, ఈడ ఒక్కసారి గూడ ఆగలే. మీ ఇంట్ల కరెంటే గడబిడ ఉన్నట్టుంది. యూపీఎస్ పెట్టు” అన్నాడు.

యూపీఎస్ పెట్టాం. మొదటి రోజే నాలుగుసార్లు ఆగింది.

“ఆగినప్పుడల్లా టైము రాసిపెట్టు. ఏదన్న దారి దొరుకుతదేమో” అన్నాడు. అది నాకు కొట్టినపిండి. కీబోర్డు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని సెకన్లతో సహా రాశాను. ఒక వరుసంటూ దొరకలేదు. ఒకరోజు ఐదుసార్లు, ఒకరోజు రెండు. అత్తమ్మ గుమ్మడిదలలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి పోయిన రెండు రోజులు మాత్రం పేజీ ఖాళీ. పోనీలే బాగైంది అనుకున్నాను. ఆమె తిరిగొచ్చిన మర్నాడు మళ్లీ మూడుసార్లు ఆగింది. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు.

ఆ తర్వాతి రోజు నేను ఆడుతున్నాను. అత్తమ్మ నా వెనక సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ కూతురింటి సంగతులు చెబుతోంది.

“బోరు నీళ్లు వాసనొస్తున్నయ్ రా అంటే ఎవ్వడు...”

మాట ఆగింది. తెర మీద లారీ కూడా ఆగింది. మూడు సెకన్ల తర్వాత ఇంజను మోగింది.

“...ఇనడు బిడ్డా” అని ఆమె మాట పూర్తిచేసింది.

నాకు నవ్వొచ్చింది. ఇరవై నిమిషాలకు ఆట మళ్లీ ఆగింది. ఈసారి వెంటనే వెనక్కి తిరిగాను. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ సగం వలిచి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు. లారీ కదిలింది. ఆమె చేతులూ కదిలాయి.

“అత్తమ్మా, ఏమైంది?”

“ఏమైంది? ఏం కాలే. నువ్వెందుకు గట్ల చూస్తున్నవ్?”

లారీని రోడ్డు పక్కన నిలిపి, ఇంజను ఆపకుండా వదిలేశాను. చలిగా ఉందని చెప్పి ఆమెను ఆనుకుని కూర్చుని, మణికట్టు పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత కంప్యూటర్‌లో ఇంజను శబ్దం తెగిపోయింది. నా వేళ్ల కింద నాడి కూడా తెగిపోయింది. శబ్దం మళ్లీ వచ్చినప్పుడే నాడి కూడా వచ్చింది.

ఆ రోజు డ్యూటీకి పోలేదు.

“నాకేం రోగం? నడుస్తలేనా, తింటలేనా?” అని అత్తమ్మ దారంతా గొణుగుతూనే ఉంది. ఆసుపత్రిలో బీపీ బాగుంది. ఈసీజీ కూడా బాగుంది. వయసు మీద పడింది, నీరసమై ఉంటుంది, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. అప్పుడు నా నోట్‌బుక్ తీసి ఆయన ముందు పెట్టాను. ఈమె బిగుసుకుపోయిన టైములివి అని చెప్పాను. కంప్యూటర్ మాట ఎత్తలేదు. జీవితంలో డాక్టరుకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. అది అబద్ధమో కాదో కూడా ఇప్పుడు నాకు తెలియదు.

ఆయన రెండు పేజీలు తిప్పి, కళ్లద్దాలు తీసి నావైపు చూశాడు. ఒక రోజంతా గుండెను రికార్డు చేసే చిన్న మిషన్ ఆమె ఛాతీకి అతికించి ఇంటికి పంపాడు.

మర్నాడు పొద్దున నేను కావాలనే ఆట పెట్టుకుని కూర్చున్నాను. నాలుగుసార్లు ఆగింది. నాలుగూ రాశాను.

రిపోర్టులో ఆ రెండు గంటల్లో అత్తమ్మ గుండె నాలుగుసార్లు ఆగి కొట్టుకుంది. ఆ మిషన్‌లోని గడియారం మా ఇంటి గడియారం కంటే ఒక నిమిషం వెనక ఉంది. నాలుగుసార్లూ అదే ఒక్క నిమిషం తేడా. ఆ కాగితం, నా నోట్‌బుక్ రెండూ నా బీరువాలో ఉన్నాయి.

“మెట్ల మీద ఉన్నప్పుడు గుండె ఇంకొంచెం ఎక్కువసేపు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదు. బాగా కనిపెట్టారమ్మా” అన్నాడు డాక్టరు. ఆ వారమే పేస్‌మేకర్ పెట్టారు.

ఇంటికొచ్చాక చాలా రోజులు కంప్యూటర్ ముట్టలేదు. తర్వాత ఒక పొద్దున ధైర్యం చేసి ఆడాను. రెండు గంటలూ నీళ్లలా నడిచింది. ఇప్పటివరకూ ఒక్కసారి కూడా ఆగలేదు. ఏదో అప్‌డేట్ పడి సరైపోయుంటుందని తమ్ముడంటాడు. వాడు పీకేసిన నెట్ వైరు అప్పటికింకా పెట్టనే లేదు. ఆట ఆగింది పేస్‌మేకర్ సిగ్నల్ తగిలేమో అంటుంది ల్యాబ్‌లో నా స్నేహితురాలు. ఆట ఆగిన రోజుల్లో అత్తమ్మకు ఇంకా పేస్‌మేకరే పెట్టలేదు.

ఒకరోజు అత్తమ్మకు మొత్తం చెప్పేశాను. భయపడుతుందనుకున్నాను. లేచి వెళ్లి కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి చూసింది.

“గా డబ్బాకు నా పాణం సంగతి ఎట్ల ఎరుకైందే?” అంది.

“నాకూ తెల్వదత్తమ్మా” అన్నాను. ఇప్పటికీ అదే నా జవాబు.

ఆ శుక్రవారం నేను స్నానం చేసి వచ్చేసరికి డబ్బాకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. గాలి పోయే సందుల్లో పడకుండా జాగ్రత్తగా పెట్టింది. నేను తుడవలేదు. కుర్చీ లాక్కుని, ఆమె వినేలా సౌండు కొంచెం పెంచి, లారీ స్టార్ట్ చేశాను.